సంస్థానం నుంచి మండలం దాకా: శ్రీరంగాపురం పరిపాలనా చరిత్ర

శ్రీరంగాపురం అనగానే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేది రంగనాయకస్వామి గుడి, ఆ గుడిని ఆనుకుని నిండుగా ఉండే చెరువు. ప్రభుత్వ కాగితాల్లో ఈ ఊరు శ్రీరంగాపూర్. జనం నోట మాత్రం శ్రీరంగాపురమే. గుడి గురించి, ఉత్సవాల గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది వేరు. ఈ ఊరు ఒకప్పుడు సంస్థానానికి రాజధాని. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళపాటు మామూలు గ్రామం. 2016లో మండల కేంద్రం. గుడి, చెరువు ఉన్నచోటే ఉన్నాయి. కచ్చేరీలే అటూ ఇటూ తిరిగినాయి.

జిల్లాలు, తాలూకాలు, మండలాలు అనగానే మనవాళ్ళకు అదొక పోటీపరీక్షల పాఠం. తేదీలు, సంఖ్యలు బట్టీపట్టి మరిచిపోతాం. కాని రైతు వైపు నుంచి చూస్తే దీంట్లో ఉన్నవి రెండే ప్రశ్నలు. ఒకటి, కచ్చేరీకి ఎంత దూరం పోవాలి? రెండు, అక్కడ కూర్చున్న అధికారి చేతిలో అధికారం ఎంత ఉంది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండోదాన్ని దాటవేయడం ప్రభుత్వాలకు అలవాటు. ఈ రెండు ప్రశ్నలు చేతిలో పెట్టుకుని శ్రీరంగాపురం కథ చూద్దాం.

సంస్థానం నాటి పాలన

వనపర్తి సంస్థానాధీశులు జనుంపల్లి వంశపు రెడ్లు. ఈ సంస్థానానికి తొలిరోజుల్లో సూగూరు సంస్థానమని పేరు. ఎనిమిది భాషలు తెలిసినవాడు కనుక ‘అష్టభాషా’ బిరుదు పొందిన బహిరీ గోపాలరావు ఈ వంశంవాడే. సూగూరు తర్వాత శ్రీరంగాపురం, శ్రీరంగాపురం తర్వాత వనపర్తి రాజధానులైనాయి. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాల్లో రాజధాని వనపర్తికి మారింది. అప్పటినుంచి శ్రీరంగాపురానికి మిగిలింది దేవుడు, చెరువు మాత్రమే. ఈ సంస్థాన ప్రభువులు తవ్వించిన పెద్ద చెరువులను ‘సప్తసముద్రాలు’ అంటారు. శ్రీరంగాపురం రంగసముద్రం, కానాయపల్లి శంకరసముద్రం వాటిలోవే. ఈ రెండూ నేడు భీమా ఎత్తిపోతల పథకంలో జలాశయాలు.

నైజాం రాజ్యంలో భూమి అంతా ఒకే రకంగా ఉండేది కాదు. ప్రభుత్వం నేరుగా ఏలేది దివానీ. నిజాం సొంత ఖర్చులకు పోయేది సర్ఫ్‌ఖాస్. ఇవిగాక పాయగాలు, జాగీర్లు, సంస్థానాలు. పాలమూరు ప్రాంతంలో సంస్థానాలు దండిగా ఉండేవి. వనపర్తి, గద్వాల, జటప్రోలు (కొల్లాపురం), అమరచింత (ఆత్మకూరు), గోపాలపేట పేర్లు ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. గద్వాల సంస్థానానికి ఒకప్పుడు సొంత నాణెం కూడా ఉండేది. ఈ సంస్థానాధీశులు నిజాముకు ఏటా పేష్కష్ చెల్లించేవారు. తమ సరిహద్దుల్లో శిస్తు వసూలు, తీర్పులు, బందోబస్తు తామే చూసుకునేవారు.

కనుక నాటి రైతుకు కచ్చేరీ దూరం పెద్ద సమస్య కాదు. దొర గడి దగ్గరలోనే ఉండేది. అధికారమంతా అక్కడే ఉండేది. లేనిదల్లా ఆ అధికారం మీద అప్పీలు. రాజు మంచివాడైతే చెరువు తవ్వించాడు, గుడి కట్టించాడు. కాకపోతే అడిగే దిక్కు లేదు. దూరం తక్కువైతేనే పాలన మంచిదని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సాలార్‌జంగ్ జిలాబందీ

1853 నుంచి 1883 దాకా హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్. ఆయన రాకముందు శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు సర్కారుకు ఒప్పుకున్నది కట్టి, రైతు దగ్గర దొరికింది దొరికినట్టు గుంజుకునేవాడు. సాలార్‌జంగ్ ఆ పద్ధతిని తీసివేసి జీతగాళ్ళైన ఉద్యోగులను పెట్టాడు. 1865లో జరిగిన జిలాబందీలో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. కొన్ని జిల్లాల మీద ఒక సుబేదారు. జిల్లా మీద అవ్వల్ తాలూక్‌దారు, ఆయన కింద దోయం, సోయం తాలూక్‌దార్లు. తాలూకా మీద తహసీల్‌దారు. బ్రిటిషు ఇలాకాలో కలెక్టరు అన్నవాణ్ణే ఇక్కడ అవ్వల్ తాలూక్‌దారు అన్నారు. జిల్లా, తహసీలు, మిసలు, దస్తావేజు, జమాబందీ — ఈనాటికీ మన రెవిన్యూ ఆఫీసుల్లో వినిపించే మాటలన్నీ ఆనాటి సొమ్మే.

మన జిల్లాకు తొలుత ముఖ్యపట్టణం నాగర్‌కర్నూలు. 1883లో ఆ హోదా పాలమూరుకు పోయింది. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. 2016లో నాగర్‌కర్నూలు జిల్లా అయినప్పుడు ‘కొత్త జిల్లా’ అని పత్రికలు వ్రాసినాయి. నిజానికి నూటముప్పై ఏళ్ళ కింద చేజారిన హోదా తిరిగి వచ్చింది, అంతే.

ఇక్కడొక ముఖ్యమైన విషయం గమనించాలి. జిలాబందీ దివానీ ఇలాకాకు వర్తించింది గాని సంస్థానాల లోపలికి రాలేదు. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళలో ఒక ఊరి రైతు తహసీల్‌దారు దగ్గరికి, ఇంకో ఊరి రైతు రాజా వారి కచ్చేరీకి పోయేవారు. జిల్లా పటం గీశారు, కాని పటం నిండా చిల్లులే.

పటేల్, పట్వారీ

పైన రాజు మారినా, తాలూక్‌దారు మారినా ఊళ్ళో మారనివాళ్ళు ముగ్గురు: పోలీసు పటేల్, మాలీ పటేల్, పట్వారీ. పోలీసు పటేల్‌ది బందోబస్తు, మాలీ పటేల్‌ది శిస్తు వసూలు, పట్వారీది లెక్క. ఇవి వంశపారంపర్యపు వతన్లు. రైతుకు తన భూమి ఎంతో, పహాణీలో ఎవరి పేరుందో పట్వారీ చెబితేనే తెలియాలి. సర్కారీ భాష ఉర్దూ అయినకాలంలో మరీ కష్టం. చదువురాని రైతుకు తెలుగు కాగితమే అర్థం కాదు, ఉర్దూ కాగితం ఎక్కడ అర్థమవుతుంది? ‘దస్కత్ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టినం’ అని పెద్దలు చెప్పే మాట ఈ కాలానిదే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. దాంతో సంస్థానాలు కూడా ముగిసినాయి. పటంలోని చిల్లులు పూడినాయి. అందరికీ ఒకే తహసీల్‌దారు, ఒకే చట్టం. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డిగారు. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ ఈనాటికీ భూమి తగాదాల్లో మొదట అడిగే కాగితం. చివరి సంస్థానాధీశుడు మూడవ రాజా రామేశ్వరరావుగారు 1957 నుంచి ఇరవై ఏళ్ళపాటు లోక్‌సభ సభ్యుడు. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. ఒకనాడు శిస్తు లెక్కలు చూసిన మేడలో పిల్లలు డ్రాయింగు బోర్డులు పట్టుకు తిరిగారు. పాలన మారిందనడానికి ఇంతకంటె కంటికి కనిపించే ఉదాహరణ మన ప్రాంతంలో లేదు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు అప్పటిదాకా రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, అలంపురం తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిసినాయి. జిల్లా పనికి రాయచూరు పోయే గద్వాలవాళ్ళు అప్పటినుంచి కృష్ణ దాటి పాలమూరుకు రావలసివచ్చింది. ఒక గీత జరిగితే జనం నడిచే దిక్కే మారుతుంది.

సమితి నుంచి మండలానికి

1959లో పంచాయతీరాజ్ వచ్చింది. నెహ్రూగారు ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ప్రారంభించింది షాద్‌నగర్‌లో. అది అప్పుడు మన జిల్లాలోనిదే. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తు ఏర్పడినాయి. అప్పటినుంచి పల్లెవాడికి రెండు కచ్చేరీలు: భూమి పనికి తహసీలు, బడి, బావి, బాట పనులకు సమితి. రెండింటి సరిహద్దులు ఒకటి కావు. ఏ పనికి ఎక్కడికి పోవాలో తెలియక తిరగడమే సగం పని.

1980ల్లో రెండు పెద్ద మార్పులు వచ్చినాయి. 1984లో తెలంగాణలో పటేల్, పట్వారీ, ఆంధ్రలో మునసబు, కరణం పదవులు రద్దయినాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినాయి. సమితులు కూడా మండలాలకు అనుగుణంగా మారినాయి. రాష్ట్రమంతటా ఉన్న 330 సమితుల చోట సుమారు 1,100 మండలాలైనాయి. సుమారు 35 వేల నుంచి 55 వేల జనాభాకు ఒక మండలం అన్నది లెక్క. రెవిన్యూ ఆఫీసు, ప్రజా పరిషత్తు ఒకే ఊళ్ళో, ఒకే సరిహద్దుతో. 1987లో మండలాధ్యక్షులను జనం నేరుగా ఎన్నుకున్నారు. దూరం తగ్గించే విషయంలో ఇంత పెద్ద అడుగు అంతకుముందు ఎవరూ వేయలేదని ఒప్పుకోవాలి.

ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు 64 మండలాలు వచ్చినాయి. వాటిలో శ్రీరంగాపురం లేదు. జాతీయ రహదారి మీద ఉన్న పెబ్బేరు మండల కేంద్రమైంది. శ్రీరంగాపురం ఆ మండలంలో ఒక గ్రామంగా చేరింది. రాజులు రాజధానికి కొండో, కోటో, చెరువో చూశారు. ప్రజాప్రభుత్వాలు బస్సు ఆగే చోటు చూస్తాయి. ఇది తప్పు అనడం లేదు. ఊరి హోదా చరిత్రను బట్టి రాదు, ఆనాటి పాలనకు ఏది వీలో దాన్నిబట్టి వస్తుందని చెప్పడమే నా ఉద్దేశ్యం.

ఈ మాటే సయాంలో

‘మండలం’ అన్న మాట మనకు 1985లో ప్రభుత్వ పరిభాషలోకి వచ్చింది. అంతకు దాదాపు తొంభై ఏళ్ళ ముందే ఇదే మాట ఇంకొక దేశంలో పరిపాలనా విభాగానికి పేరయింది. ఆ దేశం సయాం, నేటి థాయిలాండు. అక్కడివారు దాన్ని ‘మొంథోన్’ అని పలుకుతారు. వాళ్ళ నఖోన్ మన నగరం, బురి మన పురి, రాట్చథాని మన రాజధాని. సంస్కృతం సముద్రం దాటి వెళ్ళి అక్కడి నోటికి తగ్గట్టు మారింది.

మనతో పోల్చిచూడదగిన కథ వాళ్ళది. పాత సయాంలో ‘మువాంగ్’ అంటే పట్టణమూ, దాని చుట్టూ ఉన్న రాజ్యమూ. ఒక్కో మువాంగుకు ఒక్కో స్థానిక ప్రభువు. బాంకాకు రాజుకు కప్పం కట్టి, తన ఇలాకాలో వచ్చిందంతా తానే అనుభవించేవాడు. ఈ పద్ధతిని వాళ్ళు ‘కిన్ మువాంగ్’ అన్నారు. అంటే ‘ఊరిని తినడం’. మన గుత్తేదార్లకు ఇంత చక్కని పేరు మనవాళ్ళు పెట్టలేకపోయారు. చూలాలంకోర్న్ రాజు తమ్ముడు దామ్రోంగ్ 1892 నుంచి 1915 దాకా హోంమంత్రిగా ఉండి ఈ పద్ధతిని తొలగించాడు. కొన్ని రాష్ట్రాలు కలిపి ఒక మొంథోన్, దాని మీద జీతం తీసుకునే కమిషనరు. కింద చంగ్వాట్ అనే రాష్ట్రాలు, వాటికింద అంఫో అనే జిల్లాలు, ఆ కింద తంబోన్, చివర మూబాన్ అనే గ్రామం. 1897లో స్థానిక పాలనకు చట్టం చేసి, గ్రామపెద్దను ఊరివాళ్ళే ఎన్నుకునే పద్ధతి పెట్టారు. తంబోన్ పెద్దను ‘కమ్నాన్’ అంటారు.

మన సాలార్‌జంగ్ చేసిందీ, సయాం దామ్రోంగ్ చేసిందీ చూడటానికి ఒకటే: గుత్తలు పోయి జీతాలు, దొరలు పోయి ఉద్యోగులు. కాని రెండు తేడాలున్నాయి. సాలార్‌జంగ్ సంస్థానాలను కదపకుండా వాటి చుట్టూ జిల్లాలు గీశాడు. అందువల్ల అవి 1949 దాకా నిలిచినాయి. దామ్రోంగ్ స్థానిక ప్రభువులను జిల్లాల్లోకి ఇముడ్చుకున్నాడు. దానికి 1902 ప్రాంతంలో ఉత్తర, ఈశాన్య భాగాల్లో తిరుగుబాట్లు ఎదుర్కోవలసివచ్చింది. రెండవది, మన ఊళ్ళో పటేల్ వతన్‌దారు, వాళ్ళ ఊళ్ళో పెద్ద ఎన్నికైనవాడు. మనకు వతన్ రద్దు కావడానికి 1984 దాకా పట్టింది.

మొంథోన్‌లు 1933లో రద్దయినాయి. నేడు థాయిలాండులో బాంకాకు గాక 76 చంగ్వాట్లు, వాటిలో 878 అంఫోలు. జనం పెరిగిన చోట ముందు ‘కింగ్ అంఫో’ అనే శాఖా జిల్లా పెట్టి, నిలదొక్కుకున్నాక పూర్తి అంఫోగా మార్చడం వాళ్ళ పద్ధతి. 2007లో అట్లా మిగిలివున్న 81 శాఖా జిల్లాలను ఒకేసారి పూర్తి అంఫోలు చేశారు. అయితే ఈనాటికీ రాష్ట్ర గవర్నరును నియమించేది బాంకాకులోని హోంశాఖే. ఎన్నికైన గవర్నరు ఉన్నది బాంకాకుకు మాత్రమే. ఆఫీసులు ఊరూరా పెంచడం ఒకటి, అధికారం పంచడం మరొకటి అనడానికి వాళ్ళ ఉదాహరణ కూడా పనికివస్తుంది. ఇప్పుడు మళ్ళీ మన జిల్లాకు వద్దాం.

కొత్త జిల్లా, కొత్త మండలం

పాత మహబూబ్‌నగర్ 18 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన జిల్లా. 2011 జనాభా లెక్కల్లో 40 లక్షల మంది. శ్రీరంగాపురం మనిషి కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే పెబ్బేరు, కొత్తకోట మీదుగా పాలమూరుకు ఒక దినమంతా పని. సాయంత్రం ఆఖరి బస్సు తప్పితే రాత్రి బస్టాండులోనే.

2016 అక్టోబరు 11, విజయదశమి నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినాయి. 459 మండలాలు 584 అయినాయి. 2019లో నారాయణపేట, ములుగు చేరి జిల్లాలు 33 అయినాయి. 14 మండలాలతో, 2011 లెక్కల ప్రకారం 5,77,758 జనాభాతో వనపర్తి జిల్లా ఏర్పడింది. ఆ 14లో శ్రీరంగాపూర్ ఒకటి. రెండు శతాబ్దాల తర్వాత ఈ ఊరికి మళ్ళీ ఒక కచ్చేరీ వచ్చింది.

నా మొదటి ప్రశ్నకు ఇది మంచి జవాబు. తహసీల్‌దారు ఊళ్ళోనే, కలెక్టరు వనపర్తిలో. పొద్దున పోయి పగటి అన్నానికి ఇంటికి రావచ్చు. ముసలివాళ్ళకు, పింఛను పనిమీద తిరిగే ఆడవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

రెండో ప్రశ్న సంగతి వేరు. 2020లో వి.ఆర్.ఓ. పదవులు రద్దయినాయి. అదే ఏడు అక్టోబరులో ధరణి వచ్చింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీల్‌దారు చేతికి వచ్చింది. ఇది రైతుకు మేలే. కాని పేరులో తప్పు, విస్తీర్ణంలో తప్పు పడితే సరిదిద్దే అధికారం తహసీల్‌దారుకు లేకపోయింది. ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టి కలెక్టరు నిర్ణయం కోసం చూడవలసివచ్చింది. రెవిన్యూ కోర్టులు కూడా తీసివేశారు. ఊళ్ళో ఆఫీసు ఉంది, ఎదురుగా అధికారి ఉన్నాడు, ‘నా చేతిలో లేదు’ అంటున్నాడు. దూరం తగ్గిన నాలుగేళ్ళకే అధికారం దూరమైంది. 2025లో భూభారతి చట్టం వచ్చి సవరణలకు, అప్పీళ్ళకు తహసీల్‌దారు, ఆర్.డి.ఓ., కలెక్టరు అని మెట్లు మళ్ళీ పెట్టింది. ఊళ్ళకు గ్రామ పాలనాధికారులను కూడా నియమించారు. ఇది ఎట్లా నడుస్తుందో వచ్చే కొన్నేళ్ళలో శ్రీరంగాపురం వంటి చిన్న మండలాల్లోనే తేలుతుంది. పెద్ద పట్టణంలో మనిషికి ఇంకో దారి దొరుకుతుంది. చిన్న మండలంలో రైతుకు ఆ ఒక్క ఆఫీసే.

విద్యార్థికి దీనితో ఏం పని?

భూమి లేని విద్యార్థి మిత్రులు ‘ఇదంతా మాకెందుకు’ అనుకోవచ్చు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోను, మల్టీజోను స్థాయి ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకు. స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్న లెక్క. మహబూబ్‌నగర్, నారాయణపేట, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు కలిసి జోగులాంబ జోను. అంటే గీత ఎటువైపు పడిందో దాన్నిబట్టి మనం ఏ ఉద్యోగానికి స్థానికులమో నిర్ణయమవుతుంది. ఒకప్పుడు పాత జిల్లా అంతటికీ స్థానికుడైన అబ్బాయి, జిల్లా స్థాయి పోస్టుకు ఇప్పుడు తన కొత్త జిల్లా మేరకే స్థానికుడు. పోటీ తగ్గింది, పోస్టులూ తగ్గినాయి. ఇది లాభమా, నష్టమా అన్నది ఆయా శాఖల ఖాళీలను బట్టి ఉంటుంది. ఏదైనా, జిల్లా గీత మన స్టడీ సర్టిఫికెట్ మీదనుంచే పోతున్నది.

కాబట్టి మిత్రులారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో పెట్టె అడుగున ఉన్న పాత కాగితాలు తీయండి. తాత పట్టాలో తాలూకా ఏది, జిల్లా ఏది, నాన్న పాసుబుక్కులో మండలం ఏది, మీ సర్టిఫికెట్‌లో జిల్లా ఏది అని వరుసగా వ్రాసుకోండి. ఊరు ఒకటే, కాగితం కాగితానికి చిరునామా వేరు. అట్లా పది ఊళ్ళ లెక్క మన కాలేజీ విద్యార్థులే కూర్చితే, ఏ పుస్తకంలోనూ లేని జిల్లా చరిత్ర తయారవుతుంది. వచ్చే ఏడు సావనీరులో ఆ వ్యాసం చదవాలని నా కోరిక. అప్పుడు ఆ రెండు ప్రశ్నలు మీ ఊరి విషయంలో కూడా అడగండి: కచ్చేరీ ఎంత దూరం, అక్కడున్న అధికారి ఏ పని చేయగలడు?